చేతికి దొరకనిది

మా అత్త వేళ్ళకి కళ్ళున్నాయని ఊళ్ళో అందరూ అనేవారు. ఈనబోయే పంది పొట్ట కింద చెయ్యి పోనిచ్చి లోపల ఎన్ని పిల్లలున్నాయో చెప్పేసేది. లెక్క తప్పిన గుర్తు నాకు లేదు. ఎండబోసిన కాఫీ గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి తిప్పి, ఇంకో పూట ఎండాలా, సంచులకెత్తొచ్చా అన్నది తేల్చేది. చూపు మందగించినకొద్దీ ఆ వేళ్ళు మరీ పదునెక్కాయి. ఇంత తెలిసీ, ఆ ఏడు కాఫీ కోతల కాలంలో నేను ఆ వేళ్ళ సంగతే మరిచిపోయాను. రెండేళ్ళు పట్నంలో చదువుకొచ్చి, ఊరి మందులగదిలో ఆరోగ్య కార్యకర్తనని కుర్చీ వేసుకు కూర్చున్నదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా సింబు కొండల్లో మే నెల వచ్చేసరికి కాఫీ పండ్లు ఎర్రబడతాయి. అక్కణ్ణుంచి ఆగస్టు దాకా ఆడవాళ్ళకి నడుం వాల్చే తీరిక ఉండదు. మొదటి కోత మొదలైన వారంలోనే నా తోడికోడలు ఒటీలియా మందులగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా ఆయన కావుపాకి తమ్ముడు సియునె, అతని భార్య ఈమె. చంటిది ఆమె వీపున అల్లిక సంచిలో నిద్రపోతోంది. బయట ఇద్దరు ముసలాళ్ళు దగ్గుమందు కోసం కూర్చునున్నారు.

"తలనొప్పి చంపేస్తోందక్కా, మాత్రియ్యి" అని వాళ్ళకి వినిపించేలా అంది. లోపలికొచ్చి తలుపు చేరేశాక గొంతు తగ్గించింది.

"రెండు వారాలు ఆలస్యమైంది. పై ప్రాణాలు పైనే పోయాయనుకో. పొద్దున్నే బయట చేరాను. ఈ నెల గండం గడిచింది. వచ్చే నెలో?"

"సియునెకి మళ్ళీ చెప్పిచూశావా?"

"చెప్పా. ఇంకో కాన్పొస్తే బతకనని డాక్టరన్నాడని చెప్పా. 'నిన్ను తెచ్చుకోడానికి మీవాళ్ళకి పందులిచ్చింది నేనా, డాక్టరా?' అన్నాడు."

నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అంతకుముందు సెప్టెంబరులో ఆమెకి ఆరో కాన్పు. బతికినవాళ్ళు నలుగురు, పెద్దది బెర్నాకి అప్పుడు పదేళ్ళు. ఆరో కాన్పులో బిడ్డ బయటపడింది గానీ మాయ పడలేదు. రక్తం ఆగలేదు. కాఫీ గోనెలు విప్పదీసి రెండు బొంగులకి కుట్టి, దాని మీద ఆమెని పడుకోబెట్టి నలుగురు మగాళ్ళు నాలుగు గంటలు కొండ దిగారు. నేను పక్కన పరిగెడుతూ పొట్ట నొక్కుతూనే ఉన్నాను. పట్నం ఆసుపత్రిలో డాక్టరు మూడో రోజున నన్ను పక్కకి పిలిచి, ఈసారి దక్కింది, ఇంకోసారి దక్కదు అని తేల్చిచెప్పాడు.

నా దగ్గర ఉన్నవేమిటి? మలేరియా మాత్రలు, దగ్గుమందు, మగాళ్ళు వాడే రబ్బరు తొడుగులు ఒక పెట్టెడు. తొడుగుల్ని మా మగాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు, కాదనను. పొగాకూ అగ్గిపెట్టే వానకి తడవకుండా అందులో పెట్టి ముడేసుకునేవాళ్ళు. జనవరిలో ఒటీలియాకి కడుపు రాకుండా వేసుకునే మాత్రల పొట్లం ఇచ్చాను. ఒంటిగది గుండ్రటి ఇల్లు, నడిమధ్య పొయ్యి, చుట్టూ పిల్లలు. ఎక్కడ దాస్తుంది? వారం తిరక్కుండా సియునె కంటబడింది, పొయ్యిలోకి పోయింది.

నా మాత్రలు మాత్రం మందులగదిలో టీకాల పెట్టె అడుగున భద్రంగా ఉండేవి. నాకు ఇద్దరే పిల్లలు. మూడోది దేవుడివ్వలేదని ఇంట్లో అందరూ నమ్మారు. కావుపా కూడా.

"జూన్ మొదటి బుధవారం కొండ కింద ఆరోగ్య కేంద్రానికి ఒక బృందం వస్తోంది" అన్నాను. "మోచేతికి పైన, చర్మం కింద రెండు పుల్లలు పెడతారు. అగ్గిపుల్లకంటే కాస్త పొడుగు, మెత్తగా ఉంటాయి. ఐదేళ్ళు కడుపు రాదు. దాచుకోడానికి ఏమీ ఉండదు, మోచేతుల దాకా జాకెట్టు చేతులుంటాయి కదా, ఎవరికీ కనపడదు."

"ఐదేళ్ళా!" అంది. ఆ తర్వాత వెంటనే ముఖం వాడిపోయింది. "ఆ టోలియా నీలం పుస్తకంలో మొగుడి సంతకం అడుగుతాడుగా."

అడుగుతాడు. రోడ్డు పక్కనున్న ఆరోగ్య కేంద్రానికి టోలియా ఇన్‌ఛార్జి. తీరప్రాంతం మనిషి, చెడ్డవాడు కాదు. రెండేళ్ళ కిందట ఎవరో మొగుడు నా పెళ్ళాన్ని గొడ్రాలిని చేశావంటూ గొడ్డలితో వచ్చి కిటికీ అద్దాలన్నీ బద్దలుకొట్టాడు. ఆ మర్నాడే టోలియా ఒక నీలం అట్ట పుస్తకం కొని, స్కేలుతో గీతలు గీసి, మొగుడి పేరు, సంతకం అని రాసిపెట్టాడు. అప్పట్నుంచి ఆ పుస్తకంలో మగాడి సంతకం పడకుండా ఏ ఆడదానికీ సూదీ లేదు, పుల్లా లేదు.

"ఆ సంగతి నాకొదిలెయ్" అన్నాను.

వాగు ఒడ్డున కావుపా కాఫీ పండ్ల తొక్క తీసే మర తిప్పుతుంటే, నేను పైనుంచి పండ్లు పోస్తూ విషయం ఎత్తాను. వాగు హోరుకి మా మాట నాలుగడుగుల అవతలకి వినపడదు. అందుకే ఆ చోటు ఎంచుకున్నాను.

"వాడి పెళ్ళాం, వాడి సంతకం. మధ్యలో నేనెవణ్ణి?" అన్నాడు.

"ఆ పిల్లని తెచ్చుకున్నప్పుడు నీ పందులు రెండు పోలేదా? మన వంశంలో పందిచ్చినవాడికల్లా మాటుందని నువ్వే కదా సభల్లో చెప్తావు!"

"పందులిచ్చింది పిల్లల కోసం. పిల్లలొద్దని సంతకం పెట్టడానికి కాదు."

మర తిప్పడం ఆపలేదు. నేను పండ్లు పోయడం ఆపేశాను. ఖాళీ మర గరగరలాడింది.

"ఆ రోజు కాళ్ళవైపు బొంగు పట్టుకుంది నువ్వే. నీ చొక్కా ఉతికింది నేను. మూడుసార్లు ఉతికినా పోలేదు, చివరికి పారేశాను. మర్చిపోయావా?"

అప్పుడు ఆపాడు మర. మర పళ్ళలో ఇరుక్కున్న తొక్కని గోటితో తీస్తూ కూర్చున్నాడు. మా కాఫీ సంఘానికి అతను కార్యదర్శి. కొన్నవాడు రాసిచ్చిన కాగితాలన్నీ చదివి నలుగురికీ వినిపించేది అతనే. తెలివైనవాడు, మెత్తని మనిషి. అతన్ని చేసుకున్నందుకు నేను అప్పటిదాకా ఒక్కరోజు కూడా బాధపడలేదు.

"ఎవరికీ తెలియకూడదు" అన్నాడు ఆఖరికి.

బుధవారం నాడు చంటిదానికి టీకా అని చెప్పి ముగ్గురం కొండ దిగాం. టోలియా నీలం పుస్తకం తెరిచి కావుపాని ఎగాదిగా చూశాడు.

"మొగుడివా?"

"మొగుడి అన్నని. దీనికోసం పందులిచ్చాను."

"ఎవడో ఒకడు, మీ వైపు మగాడైతే చాలు. రేపు మళ్ళీ నా కిటికీ పగిలితే ఎవర్ని అడగాలో నాకు తెలియాలి, అంతే."

కావుపా పైనుంచి కింది దాకా గడులన్నీ చదివి, కలం తీసుకుని పేరు పూర్తిగా రాశాడు. అతని దస్తూరి గుండ్రంగా ఉంటుంది. పక్కనే నిలబడి చూశాను కాబట్టి చెప్తున్నాను, ఆ పేజీలో ఏముందో అతనికి తెలుసు.

లోపల నర్సమ్మ ఎడమచేతికి మత్తు సూదిచ్చి, చిన్న గాటు పెట్టి, పుల్లలు రెండూ దూర్చి కట్టు కట్టింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. ఈ పది నిమిషాల కోసం ఎంత నాటకమో చూడు అనుకున్నాను. బయటికొచ్చాక ఒటీలియా రోడ్డు పక్క నూనెలో వేయించిన పిండి ఉండలు రెండు కొనుక్కుని, రెండూ తనే తినేసింది. ఆమె పిల్లలకి దాచకుండా తన నోట్లో ఏదైనా పెట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే.

"ఐదేళ్ళక్కా" అంటూనే ఉంది కొండెక్కినంతసేపూ. "ఐదేళ్ళలో ఈ చంటిది బడికెళ్తుంది. నాకు ముప్పై నాలుగొస్తాయి. అప్పటికి సియునె కూడా ముసలాడైపోతాడేమో, ఏమంటావు బావా?"

కావుపా ముందు నడుస్తూ నవ్వాడు. మూడు రోజులు బరువులెత్తొద్దంది నర్సమ్మ. చంకలో గడ్డ లేచిందని అత్తకి చెప్పాను. ఒటీలియా బుట్టలో పండ్లు కూడా నేనే మోశాను.

జూన్ ఆఖర్న మా గుడి పండుగ. పీటరు, పౌలు పునీతుల పేర కట్టిన గుడి మాది. ఆరోజు ఊరూరి నుంచి జనం ఈకలు కట్టి, రంగులు పూసుకుని చిందాడుతూ వస్తారు. మా వంశం ఆడవాళ్ళు ఆ ఏడు ఇరవై మంది ఆడబోతున్నారు. అంతకు నెల ముందే అత్త దక్షిణపు కొండలవాళ్ళ దగ్గర ఒంటికి రాసుకునే చెట్టునూనె వెదురుగొట్టం ఒకటి సంపాదించి దాచింది.

ఆటకి ముందు కోడళ్ళకి నూనె రాసేది అత్తలే. పందులిచ్చి తెచ్చుకున్న పిల్ల ఒళ్ళు నలుగురిలో నిగనిగలాడాలి. లేకపోతే ఈ ఇంట్లో తిండి లేదంటారు. నేను పుట్టిన ఊళ్ళోనూ ఇదే పద్ధతి. నా పెళ్ళయిన ఏడు నా భుజాలకీ ఈ అత్త చేతులే నూనె రాశాయి. పట్నంలో మాకు పాఠం చెప్పినవాళ్ళు, జాకెట్టు చెయ్యి కిందికుంటే ఎవరికీ తెలియదన్నారు. వాళ్ళకి నూనె సంగతి తెలియదు సరే. నాకేమైంది?

తెల్లవారి ఎండలో, పెరట్లో ఒటీలియా ముక్కాలిపీట మీద కూర్చుంది. అత్త అరచేతిలో నూనె ఒంపుకుని వీపుకి రాసింది. కుడి భుజం నుంచి మణికట్టు దాకా దిగింది. నేను నా రంగుల డబ్బా మూత విప్పుతూ అప్పుడు తలెత్తాను. అప్పటికి అత్త చేతులు ఎడమ భుజం మీదున్నాయి.

"అత్తా, నేను రాస్తాను, నువ్వు అలిసిపోయావు" అన్నాను లేచి.

"కూర్చో. ఇంకా నా చేతులు పడిపోలేదు."

వేళ్ళు భుజం దిగి, జబ్బ లోపలివైపుకి తిరిగి, అక్కడ ఆగాయి. ఒటీలియా కళ్ళు మూసుకుంది. అత్త బొటనవేలు ఒకసారి అటు జరిగింది, ఒకసారి ఇటు జరిగింది. ఆమె ముఖం చూశాను. వాన వస్తుందా రాదా అని ఆకాశం వంక చూసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. తర్వాత చెయ్యి మోచేతి దాకా, మణికట్టు దాకా మామూలుగా దిగింది. వేలివేలికీ నూనె రాసింది.

"లేవే, పొద్దెక్కుతోంది" అంది. అంతే.

ఆరోజు ఒటీలియా ముందు వరసలో ఆడింది. ఎంత బాగా ఆడిందో!

జూలై అంతా నేను గుండె చిక్కబట్టుకుని తిరిగాను. ఏమీ జరగలేదు. అత్త ఎవరికీ చెప్పలేదు. పైగా పంది కోసిన రోజు కొవ్వున్న ముక్క ఏరి ఒటీలియా ఆకులో వేసింది. ఆ ఏడు కాఫీ విరగకాసింది. నిట్టనిలువు వాలులో చెట్లు. ఒటీలియా మేకపిల్లలా ఎక్కి దిగేది. రోజుకి రెండు గోనెలు కోసేది, నేను ఒకటి కోస్తే గొప్ప.

"అత్తకి తెలిసిపోయిందక్కా" అంది ఒకరోజు చెట్టు మీంచి. "తెలిసీ నోరు మెదపలేదు. ఆమె కూడా తొమ్మిది కాన్పులు చూసింది కదా. ముసలిది మంచిదే. మనమే అనవసరంగా భయపడి చచ్చాం."

నేనూ అదే నమ్మాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆగస్టు రెండోవారంలో ఆఖరి గింజ ఎండింది. కొనేవాడి ట్రక్కు కింద రోడ్డు మీదికొచ్చి సరుకు ఎత్తుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నం అత్త అందర్నీ పెరట్లోకి పిలిచింది. చిలగడదుంపలు ఉడికించి, చేపల డబ్బాలు రెండు విప్పి, అందరూ తిన్నదాకా ఆగింది. తర్వాత చేతులు కడుక్కుని, సియునె వైపు తిరిగింది.

"నీ పెళ్ళాం ఎడమచేతిలో రెండు పుల్లలున్నాయి. పిల్లలు పుట్టకుండా పెట్టుకుంది. తీయించు."

సియునె తింటున్నవాడు తింటున్నట్టే ఆగిపోయాడు. ఒటీలియా చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ జబ్బ మీదికి పోయింది. చాలు, ఇంక ఎవరూ రుజువు అడగక్కర్లేదు.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాడు సియునె తల్లితో.

"పండుగనాడు."

"పండుగనాడా! ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"కాఫీ కొయ్యొద్దూ?" అంది అత్త. "కడుపుతో ఉన్నది ఆ వాలెక్కుతుందా? నువ్వెక్కుతావా?"

నేను చాలా మాటలు విన్నాను నా జీవితంలో. అంత తాపీగా అన్న మాట ఇంకోటి వినలేదు. పందిముక్క ఎందుకు వేసిందో అప్పుడు అర్థమైంది.

సియునె లేచి ఒటీలియా జుట్టు పట్టుకున్నాడు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. "ఎవరు తీసుకెళ్ళారే? మొగుడి సంతకం లేకుండా ఎవడు పెట్టాడు?"

ఆమె చెప్పలేదు. జుట్టు మెలితిప్పినా చెప్పలేదు. నేనే లేచి, "నేను తీసుకెళ్ళాను. సంతకం మీ అన్న పెట్టాడు. డాక్టరు చెప్పింది ఆయనకీ తెలుసు" అన్నాను.

అందరూ కావుపా వైపు తిరిగారు. అతను చేప ముల్లు ఒకటి పళ్ళ మధ్య నుంచి తీసి పక్కన పెట్టాడు.

"టీకా కాగితం అంది ఇది. నేను చదవలేదు" అన్నాడు.

ఊళ్ళో ప్రతి కాగితం చదివి పెట్టే మనిషి. ఆ మాట ఎవరూ నమ్మి ఉండరు. అయినా ఎవరూ కాదనలేదు. అన్నదమ్ముల మధ్య చిచ్చు రాకుండా ఒక అబద్ధం సరిపోతే అందరికీ అదే నయం. నిందంతా చులాగ్గా నా నెత్తికెక్కింది. కావుపా నావైపు చూడలేదు. ఇప్పటికీ ఆ మాటెత్తితే చూడడు.

"అత్తా, ఇంకో కాన్పొస్తే ఇది చచ్చిపోతుంది" అన్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటాను. నలుగురు పిల్లలున్నారు, చాలదా?"

"నలుగురిలో మగాడు ఒక్కడు. నాకు ఐదుగురు కొడుకులు పుట్టారు, ఇద్దరు మిగిలారు. కింది లోయ వంశంవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకొచ్చిన రోజు మనవైపు నిలబడ్డవాళ్ళు పదకొండు మంది. వాళ్ళు ముప్పై. వాగవతలి నేల ఎందుకు పోయిందనుకున్నావు? చావడం నాకు తెలీదా? ఆడది కాన్పులో చస్తుంది, మగాడు పోట్లాటలో చస్తాడు. పుట్టకపోతే మాత్రం అందరం చస్తాం."

నేను మళ్ళీ నోరు తెరిచాను. అప్పుడు అత్త తల నావైపు తిప్పింది. ఆ మసకబారిన కళ్ళకి నేను ఎంత కనపడ్డానో తెలియదు.

"నీ కడుపు సంగతి నేనెప్పుడూ అడగలేదు రుఫీనా. ఇప్పుడడగనా?"

టీకాల పెట్టె అడుగున పొట్లం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. ఇందులో దాచడానికి ఏమీ లేదు. నన్ను నేను కాపాడుకున్నాను.

సియునె చూరులోంచి గడ్డం గీసుకునే బ్లేడు తీశాడు. "నేనే తీస్తాను. పందిపిల్లలకి తీసినవాణ్ణి, దీనికి తియ్యలేనా?" బ్లేడు మీద తుప్పు నాకు అంత దూరం నుంచీ కనిపించింది. ఒటీలియా వెనక్కి జరగలేదు. నా ముఖంలోకి చూసి, "అక్కా, నువ్వే తియ్యి. వాడి చేతిలో కంటే నీ చేతిలో నయం" అంది.

మందులగదిలో బల్ల మీద పడుకోబెట్టాను. అత్త నా వెంటే లోపలికొచ్చి బల్ల పక్క నిలబడింది. సియునె గుమ్మంలో నిలబడ్డాడు. నీళ్ళు మరిగించాను, మత్తుసూది ఇచ్చాను, కొత్త బ్లేడు కాగితం విప్పాను. గడ్డలు కోసీ కుట్లు వేసీ అలవాటున్నదాన్ని కదా. చిన్న గాటు, కాస్త ఒత్తిడి, తెల్లటి పుల్ల బయటికొచ్చింది. పళ్ళెంలో వేశాను. టింగుమని కూడా అనలేదు, అంత మెత్తగా ఉంటుంది అది.

అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. రెండోది వదిలేస్తే? ఒక్కటే పని చేస్తుందో లేదో నాకు తెలియదు. అసలేమీ లేనిదానికంటే సగం గోడైనా నయమే కదా అనిపించింది. దూది అద్ది, కట్టు చుట్టడం మొదలుపెట్టాను. ఒటీలియా నా కళ్ళలోకి చూసింది. అర్థమైంది ఆమెకి. పెదవులు గట్టిగా బిగించుకుంది.

"అయిపోయింది" అన్నాను.

అత్త పళ్ళెంలో వేలు పెట్టి తడిమింది.

"ఇంకోటి?"

"ఒకటే ఉంది అత్తా. మొత్తం చూశాను."

"రెండు" అంది. కోపంగా కూడా అనలేదు. "పండుగనాడు నా వేళ్ళకి రెండు తగిలాయి. కట్టు విప్పు."

విప్పాను. రెండోది కూడా తీశాను.

డిసెంబరుకి ఒటీలియాకి నెల తప్పింది. నెలలు నిండకముందే పట్నం తీసుకెళ్ళి ఆసుపత్రి దగ్గర ఉంచుదామని ఇంట్లో అందరి కాళ్ళావేళ్ళా పడ్డాను. కోతలైపోనీ అన్నారు. ఎనిమిదో నెలలో, జూలైలో, కాఫీచెట్ల మధ్యే రక్తం మొదలైంది. మళ్ళీ గోనెలు విప్పదీశాం, బొంగులకి కుట్టాం. మళ్ళీ కాళ్ళవైపు కావుపాయే పట్టుకున్నాడు. మోయమంటే ఎప్పుడూ కాదనడు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. రోడ్డు చేరేలోపే నేను పొట్ట మీంచి చెయ్యి తీసేశాను. ఇంక నొక్కి లాభం లేదు. లోపలున్నది మగబిడ్డ.

సియునె ఏడాది తిరక్కుండా ఇంకో పిల్లని తెచ్చుకున్నాడు. ఒటీలియా పిల్లలు నలుగురూ నా పొయ్యి చుట్టూ చేరారు. బెర్నా నన్ను పెద్దమ్మా అని పిలుస్తూ, నా చేతులవైపు చూసేది. నాకలా అనిపించేదేమో.

నాలుగేళ్ళకి పుల్లలు పెట్టడం, కడుపు రాకుండా సూదులెయ్యడం నేర్పడానికి నన్ను పట్నం పిలిచారు. పాఠం చెప్పిన ఆవిడని, మొగుడి సంతకం ఏ కాగితం మీద తీసుకోవాలని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "సంతకమేంటి? ఎవరు చెప్పారు మీకు? అలాంటి నియమం ఎప్పుడూ లేదే!" అంది. మిగతావాళ్ళు రాసుకోవడం ఆపి నావైపు చూశారు. నేను లేచి బయటికెళ్ళి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. ఒక భయస్తుడు స్కేలుతో గీసిన గీతలవి. వాటి కోసం నేను మొగుడి కాళ్ళు పట్టుకున్నాను, అతను అబద్ధమాడాడు, ఒక ఇల్లు ఇల్లంతా అబద్ధం మీద నిలబడింది.

ఇప్పుడు మా మందులగదిలోనే అన్నీ ఉన్నాయి. సంతకం అడగను. ఆడవాళ్ళు తలనొప్పి అని గట్టిగా చెప్పి లోపలికొస్తారు, నేను తలుపు చేరేస్తాను.

మొన్న కోతల మధ్యలో అత్త వచ్చింది. ఇప్పుడు ఆమెకి అసలు కనపడదు. బెర్నా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. బెర్నాకి పద్దెనిమిది నిండాయి, పక్క లోయలో ఇచ్చారు. వీపున సంచిలో ఐదు నెలల పిల్ల. మనిషి కాడలా అయిపోయింది. కాన్పులో తల్లికి లాగే మాయ పడలేదని, చావుతప్పి బయటపడిందని అప్పుడే విన్నాను.

లోపలికొచ్చాక అత్త తలుపు తనే తడుముకుని చేరేసింది.

"దీనికి వెయ్యి" అంది.

"ఏం వెయ్యమంటావు? పుల్లలా?"

"పుల్లలొద్దు. దీని అత్త కూడా నూనె రాస్తుంది." గొంతు తగ్గించింది. "చేతికి దొరకనిది వెయ్యి."

మూడు నెలలకోసారి వేసే సూది తీసి, మందు ఎక్కించి, బెర్నా జబ్బకి వేశాను. దూది తీసేశాక అత్త చెయ్యి చాపింది. మనవరాలి భుజం పట్టుకుని, అక్కణ్ణుంచి మోచేతి దాకా మెల్లగా వేళ్ళు దింపింది. లోపలివైపు ఒకచోట ఆగి బొటనవేలు అటూ ఇటూ జరిపింది. మళ్ళీ మొదట్నుంచి వెతికింది.

"ఏమీ తగల్లేదు" అంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"మూణ్ణెల్లకి మళ్ళీ తీసుకురా" అన్నాను.

కుర్చీ ఖాళీగానే ఉంది. ఆమెని కూర్చోమని మాత్రం అనలేదు.